సాఫ్టువేరు దోషముల పూర్వరూపము

వ్యాధిని కనిపెట్టుటకు మన వైద్యశాస్త్రమున నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి అని యైదు మార్గములు చెప్పబడినవి. వీనిలో పూర్వరూపమనగా వ్యాధి బయటపడక మునుపే దేహమునందు పొడసూపెడి చిహ్నము. ఒడలు కాలుచుండగా జ్వరమని చెప్పుటకు వైద్యు డక్కఱలేదు. ముందుదినమున నోరు చేదై, ఒడలు బరువై, ఆవులింతలు వచ్చుచుండగానే రాబోవు జ్వరము నెఱుగువాడే వైద్యుడు. హైదరాబాదునకు పడమట మాధాపురము మొదలు గచ్చిబౌలి మీదుగా నానక్‌రాంగూడ వఱకు వరుసగా నిలిచిన గాజుమేడలలో లక్షలాది యువతీయువకులు రేయింబవళ్లు వ్రాయుచున్న ప్రోగ్రాములకు సైతము ఇట్టి పూర్వరూపవిద్య యొకటి కలదు. ఏ భాగమున దోషము పుట్టునో ముందుగా లెక్కవేసి, ఉన్న మనుష్యులను, ఉన్న కాలమును ఆ భాగముమీదికి మరలించుట దీని ప్రయోజనము. మన బిడ్డలు పనిచేయుచున్న చోట వారి రాత్రులను, సెలవులను, జీతపు హెచ్చుతగ్గులను ఈ లెక్కలు కొంతవఱకు నిర్ణయించుచున్నవి. అందువలన దీని చరిత్ర ఇంజనీర్లకు మాత్రమే తగిన విషయమని మేము తలంపము.

ప్రోగ్రామునందలి తప్పును మన పిల్లలు బగ్గు అందురు. పురుగని దాని యర్థము. 1947 సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్ 2 యంత్రములో నిజముగనే యొక రెక్కలపురుగు చిక్కుకొనగా, దానిని తీసి దినచర్యపుస్తకమున అంటించిరి. ఈ కథను గ్రేస్ హాపర్ పలుమార్లు చెప్పి ప్రసిద్ధి కెక్కించెను. కాని ఆ మాట యంతకంటె పాతది; పందొమ్మిదవ శతాబ్దములోనే ఎడిసన్ తన యంత్రములలోని లోపములను ఆ పేరితో పిలిచియుండెను. పురుగనునప్పుడు అది యెక్కడినుండియో వచ్చి చేరినదను భావము కలుగును. దోషమనునప్పుడు అది పని చేసిన తీరులోనే పుట్టినదని తోచును. మే మీ రెండవ మాటనే వాడుదుము.

కార్యనిర్వాహకుని చిక్కు ఇట్టిది. ఒక బ్యాంకు కొఱకు పది లక్షల పంక్తుల ప్రోగ్రాము సిద్ధమైన దనుకొందము. అది వేయి ఫైళ్లలో నున్నది. రిలీజు తేదీ ముందే కుదిరినది. పరీక్షించువారు పదిమంది. అన్ని ఫైళ్లను సమానముగా చూచుటకు కాలము చాలదు. తోచినవానిని చూచినచో దోషమున్నది విడిచిపోవచ్చును. విడిచిన దోషము బ్యాంకునకు చేరిన పిదప అర్ధరాత్రి ఫోను మ్రోగును, సెలవుపై నింటికి వచ్చిన పిల్ల పెట్టె తెఱచి కూర్చుండును. కావున ముందుగా వెదుకవలసినది ఏ ఫైలునందు?

ఈ ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పిన తొలివారిలో జపానుదేశపు ఫుజిట్సు కంపెనీకి చెందిన అకియామా యొకడు. 1971లో ఆయన ప్రకటించిన సూత్రము మిక్కిలి చిన్నది: పంక్తుల సంఖ్యను 0.018తో గుణించి 4.86 కలిపినచో దోషముల సంఖ్య వచ్చును. అనగా వేయి పంక్తులకు సుమారు 23 దోషములు. గ్రంథము పెరిగినకొలది తప్పులు పెరుగుననుట అచ్చుపని చేసిన వారందఱు నెఱిగినదే. ఐనను ఎఱిగినదానిని లెక్కగా వ్రాసిపెట్టుట వేఱు. పిదప 1976లో మెకేబ్ అనునాతడు, పొడవుకంటె వంకరయే ముఖ్యమనెను. ప్రోగ్రాములో "ఇట్లైన ఈ దారి, అట్లైన ఆ దారి" అను చీలికలు ఎన్నియో లెక్కించి, ఒక్కొక్క ఖండమునకు ఆ సంఖ్య పదికి మించరాదని సలహా యిచ్చెను. మఱుసటి యేట హాల్‌స్టెడ్ ప్రోగ్రామునందలి పదములను, క్రియలను ఎంచి వేఱొక కొలత కల్పించెను. ఈ కొలతలన్నియు వ్రాసినదానిని చూచినవి, వ్రాసినవారిని చూడలేదు. ఈ లోపమును గుర్తించుటకు ముప్పది యేండ్లు పట్టెను.

ఈ నడుమ తెలిసివచ్చిన గొప్ప విషయమేమనగా, దోషములు చల్లినట్లుగా నుండవు, కుప్పలుగా నుండును. అమెరికాలోని ఏ.టి. అండ్ టి. సంస్థలో ఆస్ట్రాండ్, వైయుకర్, బెల్ అను మువ్వురు 2005లో ప్రకటించిన పరిశోధన దీనికి మంచి తార్కాణము. ఒక ప్రోగ్రాము పదునేడు విడతలుగా వెలువడినది. ప్రతి విడతకు ముందు, ఏ ఫైళ్లలో దోషము లెక్కువగా నుండునో వారు లెక్కవేసిరి. వారు చూపిన 20 శాతము ఫైళ్లలోనే, పిదప బయటపడిన దోషములలో సగటున 83 శాతము దొరకెను. వేయి ఫైళ్లకు రెండువందలు చూచినచో దోషములలో అయిదింట నాలుగు వంతులు చేతికి చిక్కుట కార్యనిర్వాహకునకు వరప్రసాదమే గదా!

ఇక మన యూరి సంగతి. హైదరాబాదులో సత్యం కంప్యూటర్సు 1987లో పుట్టెను. మాధాపురపు బండరాళ్ల నడుమ కట్టిన సైబర్ టవర్సును 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి వాజపేయి ప్రారంభించెను. హైటెక్ సిటీకి అది తొలిమేడ. ఆ సంవత్సరమే మైక్రోసాఫ్టు తన భారతదేశాభివృద్ధి కేంద్రమును హైదరాబాదున నెలకొల్పెను. ఆ యేటనే ఐ.ఐ.ఐ.టి. గచ్చిబౌలియందు ఆరంభమయ్యెను. అప్పటికి అందఱి నోటను వై2కె మాటయే. సంవత్సరమును రెండంకెలతో వ్రాసిన పాత ప్రోగ్రాములు 2000 రాగానే 1900 అని భ్రమపడునను భయముచేత, పాశ్చాత్య కంపెనీలు కోట్లకొలది పంక్తులను తిరిగి చూపించుకొన్నవి. అమీర్‌పేటలోని గదులలో కోబాల్ నేర్చిన పిల్లలు ఆ పనికి పోయిరి. దోషము ఎట్టిదో తెలియును, ఎక్కడ నున్నదో తెలియదు. ఈ పనితో మన వారికి పరుల ప్రోగ్రాములను ఓపికగా శోధించు నలవాటు కలిగెను. దానిని చిన్నచూపు చూచువారున్నారు గాని, శుద్ధప్రతి తయారుచేయు పండితుని పనికంటె అది తక్కువదని మేము చెప్పజాలము.

సీమాంతరపు కొనుగోలుదారుడు మన దేశపు కంపెనీని నమ్ముటకు ఒక ముద్ర కావలసివచ్చెను. పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన సాఫ్టువేర్ ఇంజనీరింగు సంస్థ ఐదుమెట్ల కొలమానమొకటి యేర్పఱచియుండెను. దానికే సి.ఎం.ఎం. అని పేరు. నాలుగవ మెట్టున పనిని అంకెలతో కొలువవలెను, ఐదవ మెట్టున దోషము పుట్టకుండ నివారింపవలెను. అమెరికా సైనికశాఖ తన గుత్తేదారుల శక్తిని అంచనా వేయుటకై కోరగా పుట్టిన ఈ కొలమానమును, మన దేశపు కంపెనీలు ఎవ్వరికంటె నెక్కువ శ్రద్ధతో పట్టుకొన్నవి. ఐదవ మెట్టెక్కిన సంస్థలలో మన దేశమువే పెక్కు. ఆ పని లోపల నెట్లు జరుగునో తెలుపు గ్రంథమును పంకజ్ జలోటే 1999లో వెలువరించెను. ఇన్‌ఫోసిస్ సంస్థలో పనుల నిర్వహణయే దాని వస్తువు. పూర్వపు పనుల లెక్కలన్నియు ఒకచోట భద్రపఱుతురు. క్రొత్తపని చేపట్టునప్పుడు, ఇంత పనికి మొత్తము ఇన్ని దోషములుండునని ముందే అంచనా వేయుదురు. వానిలో చదివి దిద్దునప్పుడు ఇన్ని, విడి పరీక్షలో ఇన్ని, మొత్తపు పరీక్షలో ఇన్ని దొరకవలెనని పంచుదురు. దొరకినవి మరీ ఎక్కువైనచో పని చెడినదేమో చూతురు. మరీ తక్కువైనచో సంతోషింపక, పరీక్ష సరిగా జరిగినదా యని యడుగుదురు. ఈ రెండవ ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది. నలువది మంది పిల్లలలో ఒక్కడును తప్పు వ్రాయలేదన్నచో, ప్రశ్నపత్రము నొకమాఱు తిరిగి చూచు ఉపాధ్యాయునకు దీని మర్మము తెలియును.

ఐనను కొలుచుటయు సత్యమును ఒకటి కావు. 2009 జనవరి 7వ తేదీన సత్యం అధ్యక్షుడు రామలింగరాజు తన కంపెనీ లెక్కలు ఏండ్ల తరబడి పెంచి చూపబడినవని లేఖ వ్రాసి పదవి విడిచెను. 2015 ఏప్రిలులో హైదరాబాదులోని ప్రత్యేకన్యాయస్థానము ఆయనను, మఱికొందఱిని దోషులుగా నిర్ణయించెను. ఒక్క పంక్తిలోని తప్పును వెదకుటకు వేలాదిమంది కూర్చున్న యింటిలో, బ్యాంకునిలువ పట్టికను అట్లు వెదకినవా రొక్కరును లేకపోయిరి. ప్రోగ్రాములు వ్రాసిన పిల్లల నేరమేమియు నందులో లేదు. వారి యిండ్లలో నాటి సంక్రాంతి యెట్లు గడచెనో హైదరాబాదువాసు లెఱుగుదురు.

ఒక భాగపు దోషము తన చోటనే నిలువక ఇంకొక భాగమును చెఱచును. దీనిని గ్రహించుటకు హైటెక్ సిటీ దాటి దూరము పోనక్కఱలేదు. గండిపేట చాలును. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచి వేలాదిమందిని పొట్టన పెట్టుకొనెను. మఱుసటి యేట నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చిన మోక్షగుండము విశ్వేశ్వరయ్య, వానను మాత్రమే నిందించి యూరకుండలేదు. నదికి ఎగువన నున్న చెరువులను లెక్కింపజేసెను. ఆ ప్రాంతమున వందలకొలది చెరువులు గొలుసుకట్టుగా నుండెను. వానిలో రెండువందలకు పైగా తెగినవని తేలెను. పై చెరువు తెగి ఆ నీరు క్రింది చెరువుమీద పడును. తన వాననీటిని నిలుపగలిగిన కట్ట, పొరుగు చెరువునీటిని నిలుపలేక తెగును. అందుచేత ఒక కట్ట బలమును చూచిన చాలదు, దాని కెగువన నున్నవేవియో చూడవలెను. ఆ విచారణఫలితముగనే మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. నేడు కోకాపేట మేడలనుండి కనబడు నీరు అదియే. ఊరి చెరువుకట్టపై వానకాలమున రాత్రింబవళ్లు తిరిగి, ఎక్కడ చెమ్మ యూరుచున్నదో, ఎక్కడ ఎండ్రకాయ బొక్క పడినదో చూచు నీరటికాడు చేసినది దోషపూర్వజ్ఞానమే. వాని కంకెలు లేవు, కాని నిరుడు తెగినచోటు వాడు మఱువడు.

2008లో జిమ్మర్‌మన్, నాగప్పన్ అను మైక్రోసాఫ్టు పరిశోధకులు విండోసు సర్వర్ 2003పై చేసిన శోధన సరిగా ఈ గొలుసుకట్టు శోధనయే. ఏ భాగము ఏ భాగముపై నాధారపడియున్నదో వలవలె గీసి, ఆ వలలో నడుమ చిక్కుకొన్న భాగములకు దోషభయ మెక్కువయని చూపిరి. అంతకు మూడేండ్లకు ముందే నాగప్పన్, బాల్ కలిసి, పదేపదే తిరుగవ్రాయబడిన భాగములే చెడుననియు, తిరుగవ్రాతను మొత్తపు పొడవుతో పోల్చి చూచినచో చెడు భాగములను నూటికి 89 పాళ్లు సరిగా వేఱుచేయవచ్చుననియు నిరూపించిరి. నిరుడు తెగినచోటు మఱువరాదను నీరటికాని నీతిని ఎరిక్సన్ కంపెనీలో ఫెంటన్, ఓల్సన్ అనువారు 2000లో చేసిన శోధన కొంత సవరించినది. విడుదలకు ముందు ఎక్కువ దోషములు దొరకిన భాగములలో పిదప దోషములు తక్కువగా నుండెను. ముందు బాగుగా వెదకి దిద్దినందున అట్లయ్యెనేమో. దొరకిన దోషము వేఱు, మిగిలిన దోషము వేఱు.

అన్నిటికంటె మమ్ము కదిలించినది నాగప్పన్, మర్ఫీ, బాసిలీ అను మువ్వురు 2008లో వెలువరించిన పరిశోధన. విండోసు విస్టా ఐదుకోట్ల పంక్తులకు మించినది. దానిలోని మూడువేలకు పైబడిన భాగములలో ఏవి చెడునో చెప్పుటకు, వారు ప్రోగ్రాముయొక్క వంకరలను చూడక, వ్రాసిన మనుష్యుల అమరికను చూచిరి. ఈ భాగమును ఎందఱు ముట్టిరి? వారిలో కొలువు విడిచిపోయినవా రెందఱు? దీనిపై తుదినిర్ణయము చేయువాడు పనివానికి ఎన్ని మెట్లపైన నున్నాడు? ఈ ప్రశ్నలతో వేసిన లెక్క, చెడునని చెప్పినవానిలో నూటికి 86 నిజముగనే చెడినవి. చెడినవానిలో నూటికి 84 ముందే చిక్కినవి. ప్రోగ్రాముయొక్క వంకరలనుబట్టి వేసిన లెక్కకు ఆ సంఖ్యలు 79, 66 మాత్రమే. అనగా దోషమును చూపుటలో ప్రోగ్రాముకంటె దానిని వ్రాయించిన యేర్పాటే మేటి సాక్షి యయ్యెను. ఏ సంస్థ నిర్మించిన వస్తువైనను ఆ సంస్థ పోలికనే పుట్టునని కాన్వే 1968లోనే చెప్పియుండెను. నలువది యేండ్లకు ఆ మాటకు లెక్క దొరకెను.

మఱుసటి యేడు బర్డ్, నాగప్పన్ ప్రభృతులు ఆ విస్టానుగూర్చియే ఇంకొక ప్రశ్న వేసిరి. ఒకే కప్పుక్రింద కూర్చుండి వ్రాసినదానికంటె, ఆసియా, యూరపు, ఉత్తర అమెరికాలలో చెదరియుండి వ్రాసినది ఎక్కువ చెడునా? లోకమంతయు ఔననియే తలంచుచుండెను. శోధింపగా నా భేదము లెక్కింపదగినది కాదని తేలెను. సీమలో దొర, హైదరాబాదులో పనివాడు అను నేర్పాటునందు తప్పెప్పుడును ఇవతలి యొడ్డుననే పుట్టునని తలంచువారికి ఈ పరిశోధనను చూపవలెను. దూరము దోషము కాదు; బాధ్యత ఎవరిదో తెలియకుండుట దోషము.

2014లో ఈ విద్వాంసులు మన యూరికే వచ్చిరి. సాఫ్టువేరు ఇంజనీరింగు శాస్త్రమునకు మిక్కిలి పేరుపడిన అంతర్జాతీయ మహాసభ, ముప్పదియాఱవది, ఆ యేడు మే 31 మొదలు జూను 7 వఱకు హైదరాబాదున జరిగెను. ఇన్‌ఫోసిస్ పనితీరును వర్ణించిన పంకజ్ జలోటేయే దాని సారథి. మహాసభతోపాటు మే 31, జూను 1 తేదీలలో, ప్రోగ్రాముల పాత దస్తరములను త్రవ్వి పరిశీలించువారి సభయు జరిగెను. ఆ రాత్రి గడచి తెల్లవారినది జూను 2. తెలంగాణరాష్ట్రము పుట్టిన దినము. వీథులలో బాణసంచా కాల్చుచుండగా, లోపల పదుల దేశములవారు దోషముల దస్తరములను చదువుచుండిరి. ఆ వారపు పత్రికలలో ఈ సభకు చోటు దొరకకుండుటలో వింత లేదు.

ఆ దస్తరముల సభలో చదువబడిన పత్రములలో నొకటి మన విషయమునకు ముఖ్యము. జాంగ్, మోకస్ మొదలగువారు 1,398 బహిరంగప్రోగ్రాములను చేర్చి, అన్నిటికి నుపకరించు సార్వత్రిక దోషసూత్రమొకటి నిర్మింపవచ్చునా యని ప్రయత్నించిరి. ఈ యాశ ఎందుకనగా, క్రొత్తకంపెనీకి పాతలెక్కలుండవు. పరుల లెక్కతో పని జరిగిన మేలు. కాని 2009లో జిమ్మర్‌మన్ బృందము ఒక ప్రోగ్రామునుండి నేర్చిన సూత్రమును వేఱొకదానికి 622 విధముల వర్తింపజేయగా, ఫలించినవి నూటికి 3.4 మాత్రమే. ఒకరి జాతకము వేఱొకరికి చదివినట్లయ్యెను. హైదరాబాదు పత్రము వేర్వేఱు ప్రోగ్రాములను వాని పరిస్థితులనుబట్టి జాతులుగా విభజించి, ఆ చిక్కును కొంత విడదీయజూచెను. మా మట్టుకు మాకు, తనయింటి దస్తరమును తాను శుభ్రముగా వ్రాసికొన్న కంపెనీకే ఈ విద్య ఫలించునని తోచుచున్నది.

ఇక దీని వాడుకను గుఱించి మాకున్న శంకను చెప్పవలెను. మేము పాఠశాలలో పనిచేయువారము. పరీక్షకు రెండునెలల ముందే, ఏ పిల్లవాడు బీజగణితమున తప్పునో చెప్పగలము. ఆ యెఱుకతో సాయంకాలము వానికొక గంట యెక్కువ చెప్పవచ్చును. లేదా, వానిని వెనుకబల్లపైకి పంపి, తప్పునని ముందే చెప్పితినిగదా యని సంతోషింపవచ్చును. ఎఱుక ఒక్కటే, వాడుక రెండు. గంట యెక్కువ చెప్పగా వాడు గట్టెక్కెను. అప్పుడు మా జోస్యము తప్పెను. దోషజ్ఞానమునకు సైతము ఇదే గతి. ఇచ్చట దోషముండునని చెప్పగా, అందఱు చేరి దిద్దగా, దోషము లేకపోయెను. లెక్క తప్పినదని పైవారు కోపింతురు. జోస్యము తప్పుటయే దాని ఫలమని గ్రహింపని కార్యనిర్వాహకునికి ఈ విద్యను ఇచ్చుట మేలు కాదు.

అంతకంటె హానికరమైన వాడుక మఱియొకటి. ఫైలుపై వేసిన గుర్తును మనుష్యునిపై వేయుట. దోషములసంఖ్యను సంవత్సరాంతపు అప్రైజలునకు ముడిపెట్టినచో ఏమగునో ఊహించుట సులభము. మిక్కిలి నేర్పరియగు పిల్లకే మిక్కిలి వంకరపని అప్పగింతురు. వంకరపనిలో దోషము లెక్కువ. కావున నేర్పరి పట్టికలో నట్టడుగున నిలుచును. మఱునా డామెయు తెలివి తెచ్చుకొని, సులభమైన పని కోరుకొనును. దోషము కనబడినను వ్రాయక, స్నేహితుని చెవిలో చెప్పి దిద్దించును. దస్తరము కలుషితమగును. కలుషితమైన దస్తరమునుండి తీసిన పూర్వరూపము శకునము వంటిదే. విస్టా పరిశోధకులు కొలిచినది ఏర్పాటును, మనుష్యుని కాదు. పదిమంది ముట్టిన ఫైలు చెడుట పదవవాని తప్పా? పదిమందిచేత ముట్టించినవానిదా? కొలువు విడిచిపోయినవారు ఎక్కువయైన భాగము చెడునని తేలినప్పుడు, జనులు ఎందుకు విడిచిపోవుచున్నారో విచారింపవలసినది మేనేజరు గదిలోనే. నిలువనీడ నీయని పనివేళలు, ప్రసవపు సెలవు ముగిసి తిరిగివచ్చిన స్త్రీకి చేతిపని లేకుండ చేయుట, వారమునకు రెండు రాత్రుల మేలుకొలుపులు: ఇవన్నియు ఆ సంఖ్యలో దాగియున్నవని మా నమ్మకము.

పనివారును ఈ లెక్కలను ఎల్లప్పుడు మన్నింపరు. గూగుల్ కంపెనీలో ఇట్టి సూచనలను ప్రోగ్రాములు దిద్దువారి కంటియెదుట పెట్టి చూచిన వృత్తాంతము 2013లో వెలువడెను. వారి నడవడిలో మార్పేమియు కనబడలేదు. ఈ ఫైలు చెడ్డదని వారికి ముందే తెలియును. ఏమి చేయవలెనో చెప్పని హెచ్చరిక వారికి విసుగు పుట్టించెను. అందుచేత ఇటీవలి పరిశోధకులు ఫైలును విడిచి, ఈ క్షణమున చేసిన ఈ మార్పు అపాయకరమా యని అడుగు పద్ధతికి దిగిరి. వ్రాసినవానికి వ్రాసినది ఇంకను జ్ఞాపకముండగనే చెప్పుట ఇందలి సుగుణము. నెల గడచిన పిదప దిద్దిన కాగితము నిచ్చుటకంటె, పలకమీద నున్నప్పుడే వ్రేలితో చూపుట మేలని మాకు తెలియనిది కాదు.

ఇప్పుడు క్రొత్తచిక్కు వచ్చిపడినది. హైటెక్ సిటీ మేడలలో వ్రాతపనిలో కొంత యంత్రములే చేయుచున్నవి. పిల్లలు కోరిక చెప్పగా కృత్రిమమేధ పంక్తులు వ్రాసి యిచ్చును, వారు చదివి ఒప్పుకొందురు. ఎందఱు ముట్టిరి, ఎవరు విడిచిపోయిరి, ఎవరిది బాధ్యత యని అడిగిన ఆ పాత ప్రశ్నలకు దస్తరమున జవాబు మసకబాఱుచున్నది. పేరు పిల్లదే, వ్రాత పిల్లది కాదు. చదివి ఒప్పుకొనుటకు ఆమెకు ఎంత కాలమిచ్చిరో ఏ గడియందును వ్రాయుట లేదు. ఆ గడి నొకటి క్రొత్తగా గీయవలసియున్నది.